సైన్స్ డిగ్రీ నుంచి ఎమ్మెస్సీ దాకా: ఫీజు ఎంత అన్నదే కాదు, డబ్బు ఎప్పుడు అన్నదీ చూడాలి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో మొదట వినిపించే మాట "ఇప్పుడు ఏం చదివిద్దాం?" అని. రెండోది "ఎంత అవుతుంది?" అని. మూడో ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. కట్టాల్సిన డబ్బు ఏ నెలలో కట్టాలి, రావాల్సిన డబ్బు ఏ నెలలో వస్తుంది?

బీఎస్సీ, ఎమ్మెస్సీ చదువులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది, మంచి మార్కులు వస్తే స్కాలర్‌షిప్ ఉంది. కానీ ఖర్చు జూన్‌లో మొదలైతే స్కాలర్‌షిప్ డబ్బు నెలల తర్వాత, ఒక్కోసారి మరుసటి ఏడాది పడుతుంది. ఆ మధ్య కాలంలో హాస్టల్, బస్సు పాస్, పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలకు డబ్బు లేకపోతే చదువు ఆగుతుంది. ముఖ్యంగా ఆడపిల్లల చదువు బీఎస్సీతోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే సైన్స్ చదువును మూడేళ్ల చదువుగా కాకుండా ఐదేళ్ల చదువుగా లెక్కేసుకోవాలి. ఏ ఏడాది ఖర్చును దానికి ముందు ఏడాదే సిద్ధం చేసుకోవాలి. ఈ వ్యాసంలోని వివరాలన్నీ ఆ ఒక్క పని కోసమే.

ముందు దారి తేల్చుకోవాలి

బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో మొదటి ఆలోచన నీట్. సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. అందులో తప్పేమీ లేదు. కానీ కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపితే ఒక్క ఏడాదికే బీఎస్సీ మూడేళ్ల ఖర్చు దాటిపోవచ్చు. మొదటిసారి వచ్చిన మార్కులకూ సీటు వచ్చే మార్కులకూ ఎంత తేడా ఉందో చూసి, రెండోసారి రాయించాలా వద్దా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. రెండోసారి రాయించినా, అదే ఏడాది సైన్స్ కోర్సుల ప్రవేశ పరీక్షలకు కూడా అప్లై చేయించడం మంచిది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ సిలబస్ చాలావరకు ఒకటే.

రెండో విషయం. ఒక్క బీఎస్సీతో వచ్చే ఉద్యోగాలు తక్కువ, జీతాలూ తక్కువే. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, రీసెర్చ్ విభాగాలకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లకు గిరాకీ ఎక్కువ. స్కూల్ టీచర్ కావాలంటే బీఎస్సీ తర్వాత బీఈడీ చేయాలి. జూనియర్ లెక్చరర్ కావాలంటే పీజీ తప్పనిసరి. డిగ్రీ కాలేజీ అధ్యాపకులకు పీజీలో 55 శాతం మార్కులతో పాటు నెట్ లేదా సెట్ గానీ, పీహెచ్‌డీ గానీ ఉండాలి. కాబట్టి మూడేళ్లకే డబ్బు చూసుకుని "తర్వాత అల్లాహ్ దయ" అని వదిలేస్తే, అసలు ఫలితం వచ్చే ముందు మెట్టు మీదే ఆగిపోయినట్టు అవుతుంది.

ఎక్కడెక్కడ చదవొచ్చు

మొదటి దారి రాష్ట్ర యూనివర్సిటీల కింద ఉన్న డిగ్రీ కాలేజీలు. తెలంగాణలో ఈ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలోనే జరుగుతాయి. దోస్త్‌లో రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కు మొబైల్ నంబర్ లింక్ అయి ఉండాలి. చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూద్దాంలే" అని మొదటి విడతలు వదిలేసుకుంటే నష్టం ఇక్కడే.

రెండో దారి మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ. 1998లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉంది. ఇక్కడ బీఎస్సీ ఉర్దూ మాధ్యమంలో చెబుతారు. పదో తరగతిలో గానీ ఇంటర్‌లో గానీ ఉర్దూను మాధ్యమంగానో, సబ్జెక్టుగానో చదివి ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో మాత్రం తెలుగు మీడియం చదివిన పిల్లలకు ఈ షరతు అడ్డం వస్తుంది. చిన్న తరగతుల్లో పిల్లలున్నవాళ్లు పదో తరగతి దాకా ఉర్దూను ఒక సబ్జెక్టుగా ఉంచితే ఈ తలుపు తెరిచి ఉంటుంది.

మూడో దారి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఎమ్మెస్సీ కోర్సులున్నాయి. వాటికి సీయూఈటీ రాయాలి. తిరుపతి, పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, బరంపురంలో ఉన్న ఏడు ఐసర్ సంస్థల్లో ఐదేళ్ల బీఎస్-ఎమ్మెస్ ఉంది. తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది. వీటిలో సీటుకు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు, 3 గంటల సమయం. ఇంటర్‌లో ఈ నాలుగింటిలో కనీసం మూడు చదివినవాళ్లు రాయొచ్చు. అంటే మ్యాథ్స్ లేని బైపీసీ పిల్లలూ, బయాలజీ లేని ఎంపీసీ పిల్లలూ అర్హులే. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్‌లకు నెస్ట్ అనే వేరే పరీక్ష ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలోనూ ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ల బీఎస్ కోర్సు ఉంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది తేదీలు. ఈ ప్రవేశ పరీక్షలకు దరఖాస్తులు ఇంటర్ ఫలితాల తర్వాత కాదు, వాటికి ముందే మొదలవుతాయి. ఫలితాలు వచ్చాక ఆరా తీస్తే చాలావరకు గడువు దాటి ఉంటుంది.

బీసీ-ఈ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముస్లింలలోని 14 సామాజిక బృందాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్ వంటి వర్గాలు ఇందులోకి రావు. దూదేకుల వాళ్లు బీసీ-బీ కిందికి వస్తారు. రాష్ట్ర యూనివర్సిటీలు, వాటి కింది కాలేజీల సీట్లకు ఈ సర్టిఫికెట్ పనిచేస్తుంది.

కేంద్ర సంస్థల సంగతి వేరు. ఐసర్, సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ వంటి చోట కేంద్రం ప్రకటించిన ఓబీసీ జాబితానే చూస్తారు. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. కుటుంబం పేరు కేంద్ర జాబితాలో ఉంటే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌ను కేంద్ర నమూనాలో తీసుకోవాలి. లేకపోతే, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి ఆస్తుల పరిమితుల్లో ఉంటే, కేంద్ర సంస్థల కోసం ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు అప్లై చేయొచ్చు. "మీరు రాష్ట్రంలో బీసీ కదా" అని ఆఫీసులో తిప్పి పంపితే, కేంద్ర ఓబీసీ జాబితా ప్రింటు చూపించి అడగాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి ప్రతి ఏప్రిల్ తర్వాత కొత్తది తీసుకోవాలి.

పేరు ఒక్కటే ఉండాలి

స్కాలర్‌షిప్ మంజూరైనా డబ్బు పడకపోవడానికి మన ఇళ్లలో తరచూ కనిపించే కారణం పేరు. పదో తరగతి మెమోలో "ఎండీ", ఆధార్‌లో "మొహమ్మద్", బ్యాంకు పాస్‌బుక్‌లో "మహమ్మద్". ఒక చోట "షేక్" ముందు, ఇంకో చోట చివర. అమ్మాయికి మెమోలో "బేగం" ఉంటే ఆధార్‌లో "సుల్తానా". మనిషికి ఇవన్నీ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మనుషులు.

దీనికి పద్ధతి ఒక్కటే. పదో తరగతి మెమోలో అక్షరాలు ఎలా ఉన్నాయో, మిగతా కాగితాలన్నీ అలాగే మార్చుకోవాలి. మెమో మార్చడం కంటే ఆధార్ మార్చడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. కాబట్టి తొందరపడి కాకుండా మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి మార్చాలి. పదో తరగతి నామినల్ రోల్స్ నింపేటప్పుడే బడిలో సరిచూస్తే అసలు ఈ బాధే ఉండదు.

సిద్ధంగా ఉండాల్సిన మిగతా కాగితాలు ఇవి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా వస్తాయి. పిల్లల పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలి, దానికి ఆధార్ సీడింగ్ అయి ఉండాలి. ఖాతాకు ఆధార్ నంబర్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా సీడింగ్ చేయించడం వేరు. బ్యాంకులో ఈ రెండో మాట అడిగి చేయించుకోవాలి. కేంద్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్‌టైమ్ రిజిస్ట్రేషన్ కూడా ముందే పూర్తి చేసి పెట్టుకోవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్: ఉచితం అనుకోవద్దు

తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు, మెయింటెనెన్స్ ఫీజు ఈపాస్ ద్వారా వస్తాయి. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. బీసీ-ఈలోకి రాని ముస్లిం కుటుంబాలు కూడా మైనారిటీ కింద అప్లై చేయొచ్చు. హాజరు 75 శాతం ఉండాలి. మొదటిసారి అప్లై చేసినవాళ్లు మీసేవలో వేలిముద్ర కూడా వేయాలి. ఆన్‌లైన్‌లో పెట్టి వదిలేస్తే సరిపోదు. ప్రింటు కాపీ కాలేజీలో ఇచ్చి, కాలేజీ నుంచి పైకి పంపారా లేదా అన్నది స్టేటస్‌లో చూసుకోవాలి. ప్రతి ఏడాది రెన్యువల్ కూడా మర్చిపోకూడదు.

ఇందులో రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, రీయింబర్స్‌మెంట్ ట్యూషన్ ఫీజుకే. యూనివర్సిటీ పరీక్ష ఫీజు, ల్యాబ్ రికార్డులు, ప్రయాణం, తిండి దీంట్లో రావు. రెండోది, ప్రభుత్వం నుంచి కాలేజీలకు బకాయిలు ఏళ్ల తరబడి ఆగడం, వాటి కోసం ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగడం చూస్తూనే ఉన్నాం. బకాయి వచ్చేదాకా టీసీ, మెమోలు ఇవ్వమని కాలేజీ అంటే ఎమ్మెస్సీ అడ్మిషన్ ఆగిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని చూపించి రాతపూర్వకంగా అడగాలి. అసలు చేరేటప్పుడే ప్రభుత్వ కాలేజీలో సీటుకు మొదటి ఆప్షన్ ఇస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. అక్కడ ఫీజే తక్కువ. బకాయి పడినా కుటుంబం మీద పడే బరువు చిన్నది.

సైన్స్ పిల్లలకే ఉన్న స్కాలర్‌షిప్: ఇన్‌స్పైర్

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ గురించి మన ఇళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. బీఎస్సీ, బీఎస్, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చదివేవాళ్లకు ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి ఖాతాలో పడుతుంది. మిగతా 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టు కోసం. ఎమ్మెస్సీ కలిపి గరిష్ఠంగా ఐదేళ్లు వస్తుంది. దీనికి ఆదాయ పరిమితి లేదు, కుల పరిమితి లేదు.

అర్హత ఇలా ఉంటుంది. ఇంటర్ బోర్డులో పాసైనవాళ్లలో మొదటి ఒక శాతంలో ఉండాలి. లేదా జేఈఈ, నీట్ వంటి పరీక్షల్లో మొదటి 10,000 ర్యాంకుల్లో ఉండాలి. వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. ఒక శాతం కటాఫ్ మార్కులు బోర్డు బోర్డుకూ, ఏడాది ఏడాదికీ మారతాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే అప్లై చేయాలి, రెండో ఏడాది గుర్తొస్తే లాభం లేదు. ఇటీవలి ఏళ్లలో దరఖాస్తులు కాలేజీలో చేరిన కొన్ని నెలలకు తెరుస్తున్నారు.

సబ్జెక్టుల విషయంలో జాగ్రత్త అవసరం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బాటనీ, జువాలజీ, స్టాటిస్టిక్స్, జియాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ వంటి 18 మౌలిక శాస్త్రాలకే ఇది వర్తిస్తుంది. కంప్యూటర్ సైన్స్, బయోటెక్నాలజీ ఆ జాబితాలో లేవు. ఇంజినీరింగ్, మెడిసిన్, వ్యవసాయ కోర్సులకూ రాదు. దోస్త్‌లో కాంబినేషన్ ఎంచుకునేటప్పుడే, ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చిన పిల్లలు ఈ జాబితా పక్కన పెట్టుకోవాలి. "కంప్యూటర్ ఉంటే బాగుంటుంది" అని ఒక్క సబ్జెక్టు మార్చుకుంటే ఏడాదికి 60,000 పోయే అవకాశం ఉంది.

ఒక శాతంలో లేనివాళ్లకు కేంద్ర ఉన్నత విద్యా శాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్‌లో తమ గ్రూపులో 80 పర్సెంటైల్ పైన ఉండి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, పీజీలో ఏడాదికి 20,000 ఇస్తారు. సగం స్కాలర్‌షిప్‌లు అమ్మాయిలకే. కాకపోతే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీనికి అర్హులు కారు. ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ కాలేజీలో చదివేవాళ్లకు ఇదే లాభం. ఫీజు ఎక్కువగా ఉన్న ప్రైవేటు కాలేజీలో చదివేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ లాభం. రెండు అంకెలూ కాగితం మీద పెట్టి చూస్తే తేలిపోతుంది. ఒకే కోర్సుకు రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదన్న షరతు చాలా పథకాల్లో ఉంటుంది కాబట్టి సంతకం పెట్టే ముందు నిబంధన చదవాలి.

ఆగిపోయినవి కూడా తెలిసి ఉండాలి. విదేశీ చదువు రుణంపై మైనారిటీలకు వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్, పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్, రెండూ 2022-23 నుంచి కొత్తవాళ్లకు లేవు. పాత పాంప్లెట్లు చూసి వాటిని లెక్కలో వేసుకోకూడదు.

ఒక ఇంటి లెక్క

నల్గొండలో ఆటో నడిపే తండ్రి, ఇంట్లో కుట్టు మిషన్ మీద పనిచేసే తల్లి, బీఎస్సీలో చేరబోయే కూతురు ఉన్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ట్యూషన్ ఫీజు పక్కన పెడదాం. ఇంటి నుంచే కాలేజీకి వెళ్తుంది కాబట్టి పరీక్ష ఫీజు, ప్రయాణం, పుస్తకాలు, రికార్డులు, ఫోన్ డేటా కలిపి ఏడాదికి 25,000 అనుకుందాం. మూడేళ్లకు 75,000. తర్వాత ఎమ్మెస్సీకి హైదరాబాద్ హాస్టల్. నెలకు 6,000 చొప్పున 10 నెలలకు 60,000, మిగతా ఖర్చులు 20,000. ఏడాదికి 80,000, రెండేళ్లకు 1,60,000. మొత్తం ఐదేళ్లకు 2,35,000.

ఏ స్కాలర్‌షిప్పూ రాకపోతే, ఇంటర్ మొదటి ఏడాది నుంచి ఎమ్మెస్సీ చివరి దాకా 84 నెలలు. నెలకు సుమారు 2,800 పక్కన పెడితే ఈ మొత్తం సరిపోతుంది. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వస్తే ఐదేళ్లకు 76,000 వస్తుంది. మిగిలిన 1,59,000 కోసం నెలకు సుమారు 1,900 చాలు. ఇన్‌స్పైర్ వస్తే ఐదేళ్లకు 3 లక్షలు. ఖర్చంతా పోగా 65,000 మిగులుతుంది.

అయితే ఈ లెక్క నిలబడాలంటే ఒక నియమం పాటించాలి. ఈ ఏడాది వచ్చిన స్కాలర్‌షిప్ వచ్చే ఏడాది ఖర్చుకు. మొదటి ఏడాది 25,000 మాత్రం చేరకముందే ఇంట్లో ఉండాలి. ఇన్‌స్పైర్ మొదటి విడత ఎప్పుడు పడినా దాన్ని ఇంటి రిపేరుకో, అన్న పెళ్లికో వాడకుండా అమ్మాయి ఖాతాలోనే ఉంచితే, బీఎస్సీ అయ్యేసరికి 1,05,000 మిగిలి ఉంటుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఖర్చు దాంట్లోనే వెళ్లిపోతుంది. "ఎమ్మెస్సీకి డబ్బు లేదు, సంబంధాలు చూద్దాం" అన్న మాట రాకుండా చేసేది ఈ లక్ష రూపాయలే. పెళ్లి డబ్బు, చదువు డబ్బు రెండు వేర్వేరు ఖాతాల్లో ఉంటే ఒకదాన్ని ఇంకొకటి మింగదు.

మధ్యలో తక్కువ పడితే

బ్యాంకు విద్యా రుణం 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. ప్రభుత్వ గ్యారంటీ నిధి కింద ఏడున్నర లక్షల దాకా కూడా తాకట్టు లేకుండా వచ్చే వీలుంది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో సీటు వచ్చిన, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్న విద్యార్థులకు 10 లక్షల దాకా రుణంపై, చదువు కాలంలోనూ ఆ తర్వాతి విరామ కాలంలోనూ 3 శాతం వడ్డీ రాయితీ ఇందులో ఉంది.

వడ్డీ విషయంలో చాలా కుటుంబాలు వెనకాడతాయి. తీసుకోవాలా వద్దా అన్నది ఆ కుటుంబం తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. ఏ నిర్ణయమైనా కాలేజీ ఎంచుకోకముందే జరగాలి. రుణం వద్దనుకుంటే ఇంటికి దగ్గరి ప్రభుత్వ కాలేజీ లేదా స్కాలర్‌షిప్ ఉన్న కోర్సు మొదటి ఆప్షన్ అవుతుంది. సగం చదువు అయ్యాక ఈ ప్రశ్న వస్తే దారులు మూసుకుపోతాయి.

ఖర్జె హసనా, అంటే వడ్డీలేని చేబదులు, బంధువుల్లోనే దొరుకుతుంది. దాన్నీ కాగితం మీద రాసుకుని, తిరిగి ఇచ్చే నెల చెప్పి తీసుకుంటే బంధుత్వం చెడదు. జకాత్ నుంచి చదువుకు సాయం చేసే వ్యక్తులు, ట్రస్టులు ఉన్నాయి. ఇక్కడా నెల ముఖ్యం. జకాత్ ఎక్కువగా రంజాన్‌లో ఇస్తారు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తోంది. ఫీజు మాత్రం జూన్, జూలైలో కట్టాలి. జూలైలో వెళ్లి అడిగితే ఆ ఏడాది డబ్బు పంపకం అయిపోయి ఉంటుంది. మార్కుల మెమో, ఆదాయ పత్రం, ఏడాది ఖర్చు వివరం ఒక పేజీలో రాసుకుని రంజాన్‌కు ముందే ఇస్తే, ఇచ్చేవాళ్లకూ ఎంత పక్కన పెట్టాలో తెలుస్తుంది.

ఎమ్మెస్సీ తర్వాత ఖర్చు కాదు, ఆదాయం

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష. దరఖాస్తులు బీఎస్సీ చివరి ఏడాది సెప్టెంబరు ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో. తెలంగాణ యూనివర్సిటీల పీజీ సీట్లకు సీపీజీఈటీ, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్ర యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ.

ఆ తర్వాత పీహెచ్‌డీ అంటే "ఇంకా ఎన్నాళ్లు చదువు" అని పెద్దవాళ్లు విసుక్కోవడం సహజం. కానీ సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్, దానిపై ఇంటి అద్దె భత్యం. ఇన్‌స్పైర్‌లో చదివి ఎమ్మెస్సీలో 70 శాతం తెచ్చుకున్నవాళ్లు పీహెచ్‌డీకి ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు పోటీపడొచ్చు. అక్కడి నుంచి చదువు ఇంటి మీద భారం కాదు.

విదేశాల్లో ఎమ్మెస్ అనుకునేవాళ్లకు తెలంగాణలో మైనారిటీల కోసం సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2015 నుంచి ఉంది. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. 20 లక్షల దాకా ఇస్తారు. కానీ మొదటి 10 లక్షలు ఆ దేశంలో దిగిన కాగితం చూపాక, రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. వీసా, టికెట్, యూనివర్సిటీ డిపాజిట్ ముందు సొంతంగా పెట్టుకోవాల్సిందే. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేకపోయినా, వీసాకు ఒక ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. నల్గొండ ఇంటి లెక్కలో ఉన్న నియమమే ఇక్కడా ఉంది. మొదటి ఏడాది డబ్బు ముందు చేతిలో ఉండాలి.

గోడ మీద రాసుకోవాల్సిన తేదీలు

పదో తరగతి: మెమోలో, ఆధార్‌లో పేరు ఒకటి చేయడం.
ఇంటర్ మొదటి ఏడాది: పిల్లల పేరు మీద ఖాతా, నెలనెలా పొదుపు మొదలు.
ఇంటర్ రెండో ఏడాది, రంజాన్‌కు ముందు: సాయం అవసరమైతే ఖర్చు వివరంతో అడగడం.
ఇంటర్ ఫలితాలకు ముందే: సీయూఈటీ, ఐసర్, నెస్ట్ దరఖాస్తులు. ఏప్రిల్ తర్వాత కొత్త ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు.
మే నుంచి జూలై: దోస్త్ లేదా ఏపీ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు, మొదటి విడతలోనే.
డిగ్రీ మొదటి ఏడాది: ఈపాస్ లేదా సెంట్రల్ సెక్టార్, అర్హత ఉంటే ఇన్‌స్పైర్.
ప్రతి ఏడాది: రెన్యువల్, 75 శాతం హాజరు.
డిగ్రీ చివరి ఏడాది సెప్టెంబరు: జామ్ దరఖాస్తు, ఎమ్మెస్సీ మొదటి ఏడాది డబ్బు ఖాతాలో ఉందో లేదో చూసుకోవడం.

గడువులు, ఫీజులు ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి ఈ పట్టికలో తేదీలు నింపుకోవాలి. ఇందులో పెద్ద మొత్తం కావాల్సిన పనులు తక్కువ, ముందుగా చేయాల్సిన పనులే ఎక్కువ. ఈ వారం ఇంట్లో పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి పని మొదలైనట్టే.